అద్భుతమా? ఆత్మీయతయా?
అమెరికా కారు పందెములలో రెండు సంప్రదాయములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోటారు కార్ల పందెములు ముఖ్యముగా రెండు కుటుంబములకు చెందినవి. ఒకటి 'ఓపెన్ వీల్' పందెము; రెండవది 'స్టాక్ కారు' పందెము. మొదటిదానిలో పరుగిడు కారునకు తలుపులు లేవు. చక్రములపై రేకు కప్పు లేదు. సన్నని దేహము, నాలుగు మూలల నాలుగు చక్రములు, నడుమ ఒక్క మనిషి ఇముడునంత తావు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేన్ సాగర్ తీరమున జరిగిన ఫార్ములా-ఇ పందెమును చూచినవారికి ఈ జాతి కార్ల రూపురేఖలు కొంత పరిచితములే. రెండవదానిలో పరుగిడునది చూపునకు వీధిలో తిరుగు కారు వంటిదే.

వయస్సున మొదటిది పెద్దది. వేగమునను మొదటిదే మిన్న. అయినను ఇరువదవ శతాబ్దము ముగియునాటికి ఆ దేశమున ఎక్కువ జనాదరము పొందినది రెండవది. పెద్దదానికి దక్కని చనవు చిన్నదానికి ఏల దక్కెను? సమాధానము యంత్రములలో కంటె మనుష్యులలోనే ఎక్కువగా దొరకును.

అద్భుతమునకు ఆలవాలము

ఓపెన్ వీల్ పందెములకు కాశీ వంటిది ఇండియానాపొలిస్. అచట 1909లో రెండున్నర మైళ్ల పరుగుబాట నిర్మింపబడెను. ఆ సంవత్సరమే దానిపై ముప్పది లక్షలకు పైగా ఇటుకలు పరచిరి. నేడు గమ్యరేఖ వద్ద ఒక గజము వెడల్పున మాత్రము ఆనాటి ఇటుకలను కానవచ్చునట్లు ఉంచిరి. 1911లో జరిగిన తొలి ఐదువందల మైళ్ల పందెమున రే హారూన్ గంటకు సుమారు 74 మైళ్ల సగటు వేగముతో నెగ్గెను. అదే స్థలమున 1996లో అర్హత పరీక్షలందు ఆరీ లైండైక్ ఒక చుట్టును గంటకు 237 మైళ్లకు మించిన వేగముతో ముగించెను. అనగా సుమారు 382 కిలోమీటర్లు! ఎనుబదియైదేండ్లలో మానవుని సాహసము ఎంత దూరము పోయినదో ఈ రెండంకెలే చెప్పును.

ఈ పందెమున ప్రేక్షకుడు పొందునది అద్భుతరసము. ఎదుట మెరుపువలె పోవునది తాను ఎన్నడును ఎక్కజాలని వాహనము. దానిని నడుపువాడు తనవంటివాడని చూచువానికి తోచదు. అందలి ఆకర్షణ అదియే. అందలి దూరమును అదియే.

అంగడి కారు, కొండదారి చోదకుడు

స్టాక్ కారు కథ వేరు. 'స్టాక్' అనగా అంగడిలో అమ్మకమునకు నిలువయుంచిన సరుకు. ఎవడైనను సొమ్ము చెల్లించి కొనదగిన కారుతోనే పందెమాడవలెనన్నది మూలసూత్రము. 1947 డిసెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచి హోటలులో బిల్ ఫ్రాన్స్ ఏర్పరచిన సమావేశము నుండి నాస్కార్ సంస్థ పుట్టెను. తొలినాటి చోదకులలో కొందరు దక్షిణ రాష్ట్రముల కొండదారులలో, పోలీసుల కన్నుగప్పి, దొంగసారాను కార్లలో తరలించినవారు. సారాబట్టీ కేసున చెరసాలకు పోయివచ్చిన జూనియర్ జాన్సన్ ఏబది పందెములు గెలిచెను. 1986లో అధ్యక్షుడు రీగన్ అతనికి క్షమాభిక్ష ప్రసాదించెను.

సూత్రమునకు పరీక్ష మొదటినాడే వచ్చెను. 1949 జూన్ 19వ తేదీన షార్లట్‌లో జరిగిన తొలి పందెమున గ్లెన్ డనవే అందరికంటె ముందు గమ్యము చేరెను. పిదప తనిఖీ చేయగా అతని కారు వెనుక స్ప్రింగులు మార్పబడి యున్నట్లు తేలెను. సారా బరువును మోయు కార్లకు అట్టి మార్పు వాడుకయే. నిర్వాహకులు అతనిని అనర్హునిగా ప్రకటించి, జిమ్ రోపర్‌ను విజేతగా నిర్ణయించిరి. 'ఇది అందరి కారు' అను మాటను నిలుపుకొనుటకై గెలిచినవానిని కాదనుటకును వారు వెనుదీయలేదు.

ఆ మాట క్రమముగా మాటగానే మిగిలెనని చెప్పక తప్పదు. నేటి స్టాక్ కారు పందెమునకే ప్రత్యేకముగా కట్టబడు యంత్రము. అంగడి కారుతో దానికి గల చుట్టరికము చాలవరకు పైరూపమునకే పరిమితము. అయినను ఆ పైరూపమునకు గల శక్తి తక్కువది కాదు. ఫోర్డు కారు గలవాడు ఫోర్డు పక్షమున, షెవర్లే గలవాడు షెవర్లే పక్షమున నిలిచి కేకలు వేయును. పందెము ముగిసిన పిదప అతడు ఇంటికి పోవునది ఆ పేరుగల కారులోనే గదా!

కారు కట్టడియు ఈ చనవునకు తోడ్పడెను. స్టాక్ కారు బరువు ఓపెన్ వీల్ కారునకు సుమారు రెట్టింపు. రెండు స్టాక్ కార్లు ప్రక్కలు రాచుకొన్నను తరచు పరుగు సాగును. ఓపెన్ వీల్ కార్లలో చక్రము చక్రమును తాకెనా, కారు గాలిలోనికి లేచు ప్రమాదము కలదు. కనుక ఒకచోట ఒరసికొని పోరుట ఆటలో భాగము. వేరొకచోట వెంట్రుకవాసి ఎడమును కాచుకొనుటయే విద్య. డేటోనా వంటి 31 డిగ్రీల వాలుగల మలుపులలో స్టాక్ కార్లు ఒకదాని గాలిచాటున మరొకటి నడచుచు గుంపుగా పోవును. కడపటి చుట్టు వరకు గెలుపెవరిదో తెలియదు.

1979 ఫిబ్రవరిలో డేటోనా 500 పందెము తొలిసారిగా మొదటినుండి తుదివరకు దేశమంతట టెలివిజన్‌లో ప్రత్యక్షముగా ప్రసారమయ్యెను. తూర్పు ప్రాంతమున హిమపాతము వలన జనులు ఇండ్లు కదలలేకుండిరి. కడపటి చుట్టున ముందున్న ఇద్దరు, డానీ ఆలిసన్, కేల్ యార్‌బరో, ఢీకొని ఆగిపోయిరి. వెనుకనున్న రిచర్డ్ పెట్టీ గెలిచెను. ఆ పిమ్మట దారిప్రక్క పచ్చికపై ఆలిసన్ సోదరులకును యార్‌బరోకును ముష్టియుద్ధము జరిగెను. ఇంటింట ఆ దృశ్యమును చూచినవారికి ఆ చోదకులు కోపతాపములు గల మామూలు మనుష్యులుగా తోచిరి.

ఇల్లు చీలిన ఫలితము

స్టాక్ కార్ల కీర్తి ఇట్లు పెరుగుచుండ ఓపెన్ వీల్ వారు తమ యింటిని తామే చీల్చుకొనిరి. ఇండియానాపొలిస్ పరుగుబాట అధిపతి టోనీ జార్జి స్థాపించిన క్రొత్త సంస్థ 1996లో పందెములు ప్రారంభించెను. పాత సంస్థ ఆ యేటి ఇండియానాపొలిస్ ఐదువందల మైళ్ల పందెపు దినముననే మిషిగన్‌లో పోటీ పందెమును జరిపెను. పేరుగల బాట ఒకరిది. పేరుగల చోదకులు అనేకులు వేరొకరి వెంట. రెండు సంస్థలు కలియుటకు పండ్రెండేండ్లు పట్టి, 2008లో సంధి కుదిరెను. ఈలోపల, ఓపెన్ వీల్ జాతి కార్లలోనే చిన్ననాట ఆరితేరిన జెఫ్ గార్డన్ వంటివాడు స్టాక్ కార్లలో మేటియయ్యెను. అతడు 1994లో ఇండియానాపొలిస్‌లోనే స్టాక్ కార్ల తొలి పందెమును గెలిచియుండెను.

అయితే జనాదరము ఎవరికిని శాశ్వతముగా వ్రాసియిచ్చిన పట్టా కాదు. 2007లో నాస్కార్ రక్షణను, ఖర్చును దృష్టియందుంచుకొని అన్ని కంపెనీల కార్లకును దాదాపు ఒకే ఆకారము విధించెను. కారు సురక్షితమయ్యెను గాని, 'ఇది నా కారు' అను భావము సన్నగిల్లెను. అభిమానులు పెదవి విరిచిరి. ఆ దశాబ్దపు నడిమి తరువాత ప్రేక్షకులు తగ్గగా పలుచోట్ల ఆసనముల వరుసలనే తొలగించిరి. తగ్గుదలకు వేరు కారణములును కలవు. అయినను 2013లో కంపెనీల పోలికలు కార్లకు తిరిగి కల్పింపబడుట, ఆ పోలిక విలువను నిర్వాహకులు గుర్తించిరనుటకు సాక్ష్యము.

ఒకే గోడ

మృత్యువు మాత్రము ఈ రెండింటికిని భేదము చూపలేదు. 2001లో డేటోనా పందెపు కడపటి మలుపున డేల్ ఎర్న్‌హార్ట్ గోడకు ఢీకొని మరణించెను. 2011లో లాస్ వేగాస్‌లో పదునైదు కార్లు చిక్కుకొన్న ప్రమాదమున ఓపెన్ వీల్ చోదకుడు డాన్ వెల్డన్ ప్రాణములు కోల్పోయెను. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉక్కు గొట్టములను, వాని వెనుక మెత్తని నురుగు దిమ్మలను అమర్చి, దెబ్బను తాను మ్రింగు గోడను రూపొందించిరి. అది మొదట 2002లో ఇండియానాపొలిస్‌లో వెలసెను. ఓపెన్ వీల్ వారి చొరవతో మొదలైన ఆ పరిశోధనకు నాస్కార్ కూడ చేయూత నిచ్చెను. నేడు ఆ గోడ ఇరువురి చోదకులను కాచుచున్నది.

ఎవరి ఆట?

తుదకు మిగులు ప్రశ్న ఒకటి. స్టాక్ కారు పందెము సామాన్యుల ఆట యని పేరొందెను. ఆ సామాన్యులలో ఎవరు చేరుదురు? 1963 డిసెంబరు 1వ తేదీన ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో నల్లజాతి చోదకుడు వెండెల్ స్కాట్ గెలిచెను. నిర్వాహకులు మాత్రము బక్ బేకర్ అను శ్వేతజాతీయుని విజేతగా ప్రకటించిరి. గంటల తరువాత లెక్క సరిచేసిరి. అప్పటికి జనులు ఇండ్లకు పోయిరి. స్కాట్ 1990లో మరణించెను. ఆ విజయమునకు చెందిన పతకపాత్రను నాస్కార్ అతని కుటుంబమునకు అందజేసినది 2021లో! ఆ సంవత్సరమే బబ్బా వాలెస్ టాలడేగాలో గెలిచి, నాస్కార్ ప్రధాన శ్రేణిలో స్కాట్ తరువాత నెగ్గిన తొలి నల్లజాతి చోదకుడయ్యెను. ఓపెన్ వీల్ వారిచటను తలుపు త్వరగా తెరచుకొనలేదు. ఇండియానాపొలిస్ పందెమునకు తొలి నల్లజాతి చోదకుడు విల్లీ టి. రిబ్స్ అర్హుడైనది 1991లో గాని కాదు.

వేగమును చూచి ఆశ్చర్యపడుటకు ప్రేక్షకునికి కన్నులున్న చాలును. ఒక ఆటను తనదనుకొనుటకు ఆ ఆటవారు తనను తమవానిగా ఎంచుటయు వలయును. స్టాక్ కారు పందెము సామాన్యునకు ఇచ్చిన మాట అదియే. డనవే విషయమున ఆ మాటను నిలుపుటకు ఒక్క తనిఖీ చాలెను. స్కాట్ విషయమున ఏబదియెనిమిదేండ్లు పట్టెను.