బొటనవేలి వంకరకు ఆపరేషన్: అధిక బరువు అడ్డమా?

“అమ్మా, మీ కాలికి బనియన్ ఉంది” అని డాక్టరుగారు అంటే, చొక్కా లోపల వేసుకునే బనియన్ అనుకొని నవ్వేవారు ఉంటారు. ఇది వేరు. కాలి బొటనవేలు పక్కవేలి మీదికి వాలిపోయి, దాని మొదట్లో ఎముక బొడిపెలాగా పొడుచుకొని వస్తుంది. చెప్పు ఒరుసుకొని ఎర్రబడి నొప్పి పెడుతుంది. ఇది ఎక్కువగా ఆడవారికి, చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. ఇరుకు చెప్పులు దాన్ని ముదిరేటట్లు చేస్తాయి. సన్నగా ఉన్నవారికీ వస్తుంది. కనుక లావుగా ఉన్నందుకే వచ్చిందని ఎవరినీ నిందించకూడదు.

వెడల్పు చెప్పులు వాడినా నొప్పి తగ్గక, నడక కష్టమైతేనే ఆపరేషన్ చేస్తారు. బొటనవేలి వెనకనున్న పొడవాటి ఎముకను కోసి, సరైన చోటికి జరిపి, చిన్న స్క్రూలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి సుమారు 6 నుండి 8 వారాలు పడుతుంది. వాపు పూర్తిగా తీయడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

కరువు సీమలో లావెక్కడిది?

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక, కొర్రన్నం, రాగిసంగటి తినే ఇళ్ళు ఎన్నో వరి అన్నానికి మారాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో ప్రతి 100 మందికి సుమారు 36 మంది అధిక బరువుతో ఉన్నారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 60 కిలోలు దాటితే మన దేశపు లెక్కలో స్థూలకాయమే.

బరువు ఏం చేస్తుంది?

బరువు ఎక్కువగా ఉన్నవారికి కూడా ఈ ఆపరేషన్‌తో నొప్పి తగ్గుతుంది. లావు ఒక్కటే ఆపరేషన్ మానేందుకు కారణం కాదు. అయితే జాగ్రత్తపడవలసినవి ఇవి:

1. షుగరు. అధిక బరువుతో పాటు తరచుగా ఇదీ ఉంటుంది. అదుపులో లేకపోతే పుండు మానదు, చీము పడుతుంది.
2. అతుకు కదలడం. మడమ మీద నడవమంటే, బరువు వల్ల తూలి ముందుపాదం మోపుతారు. స్క్రూ సడలితే వేలు మళ్ళీ వంకరపోవచ్చు.
3. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం. కదలకుండా పడుకుంటే ఈ ప్రమాదం పెరుగుతుంది.
4. మత్తు. గురక, ఆయాసం, బి.పి. ఉంటే ముందే చెప్పాలి.

ఆపరేషన్‌కు ముందు

తొందరపడి పస్తులుండి బరువు తగ్గవద్దు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, ఉలవలు తింటూ, అన్నం, బజ్జీలు, ఓళిగలు తగ్గించి, రెండు మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గినా మేలే. షుగరు, బి.పి. మందులు డాక్టరుగారు చెప్పినట్లు వాడండి. బీడీ, పొగాకు మానండి. పొగ ఎముకను అతుక్కోనివ్వదు. పాదం వాస్తుంది కాబట్టి మెట్టెలు ముందే తీయించండి.

కూలికి వెళ్ళేవారు సమయం చూసుకోవాలి. శెనక్కాయ విత్తే రోజుల్లో గాని, కాయ పీకే రోజుల్లో గాని ఆపరేషన్ పెట్టుకుంటే పదో రోజుకే చేనికి పోవాలనిపిస్తుంది. పంట ఇల్లు చేరాక, 2 నెలలు ఇంట్లో ఎవరైనా సాయం చేయగలిగినప్పుడు రండి.

తరువాత

కాలిని దిండు మీద ఎత్తుగా పెట్టండి. పడుకున్నా మడమలను, మోకాళ్ళను గంటకోసారి కదిలించండి. ఇచ్చిన చెప్పు లేకుండా అడుగు వేయవద్దు. గొంతుక్కూర్చుంటే బరువంతా వేళ్ళ మీద పడుతుంది. కనుక మరుగుదొడ్డిలో కమోడు కుర్చీ ఏర్పాటు చేసుకోండి. కట్టు తడవనివ్వవద్దు.

చీము, దుర్వాసన, జ్వరం, పిక్కలో నొప్పి లేదా వాపు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

ఎముకను సరిచేయడం డాక్టరు పని. దాన్ని కదలనివ్వకుండా 6 వారాలు కాపాడుకోవడం రోగిదీ, ఇంటివారిదీ. లావుగా ఉన్నవారికి ఆ సాయం మరికొంచెం ఎక్కువ కావాలి.