కౌంటరు అంకెలకు ముద్ర ఎవరు వేయవలెను?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ కాటా మీదికి ఎక్కగానే రైతు చూపు అంకెల మీద నిలుచును. టిక్కీకి ఒక కిలో తగ్గినా ఆ మేరకు అతని కష్టం వ్యర్థమైనట్లే. అంకెలు స్పష్టంగా కనిపించినంత మాత్రాన తూకం సరియైనదని చెప్పలేము. ప్రమాణపు రాళ్లతో సరిచూచి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసినప్పుడే ఆ కాటాను నమ్మగలము. ప్రయోగశాలలోని పరికరాలకు కూడ ఇదే న్యాయం వర్తించును.

తక్కువ ధరకు లభించే డిజిటల్ ఆసిలోస్కోపులు కొన్నింటిలో పౌనఃపున్యాన్ని చూపే కౌంటరు కూడ అమర్చబడి ఉన్నది. ఇది పనిచేసే విధానం సులభమే. లోపలనున్న చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఎడతెగక కంపిస్తూ గడియారంవలె ఉపయోగపడును. ఆ గడియారం సెకను అని చెప్పిన వ్యవధిలో ఎన్ని తరంగాలు వచ్చినవో కౌంటరు లెక్కించును. గడియారం మందంగా నడిచినచో దాని సెకను నిజమైన సెకనుకంటె దీర్ఘమగును. అందులో మరికొన్ని తరంగాలు చేరి అంకె పెరుగును. గడియారం త్వరగా నడిచినచో అంకె తగ్గును.

ఇట్టి పరికరాలలో స్ఫటికపు దోషం 10 లక్షలకు 25 వంతుల వరకు ఉండవచ్చును. అనగా 40 కిలోల టిక్కీకి ఒక గ్రాము తేడా. మిర్చి తూకంలో అది లెక్కకు రాదు. కాని ఆరు అంకెలు చూపే కౌంటరులో చివరి అంకెలను చెడగొట్టుటకు అంత చాలును.

మరి దేనితో సరిచూడవలెను? ఇంటి విద్యుత్తు 50 హెర్ట్జ్ గదా అని తోచవచ్చును. అయితే మన గ్రిడ్ నియమావళి 49.90 నుండి 50.05 హెర్ట్జ్ వరకు అనుమతించుచున్నది. 50కి 0.05 తేడా అనగా 10 లక్షలకు 1000 వంతులు! పరీక్షింపవలసిన పరికరంకంటె ఈ ప్రమాణమే ముతకది. ఆసిలోస్కోపు ముందుభాగాన ప్రోబును సరిచేయుటకై ఇచ్చిన 1 కిలోహెర్ట్జ్ సంకేతం కూడ పనికిరాదు. అది లోపలి స్ఫటికంనుండే పుట్టినదైనచో, దానిని కొలుచుట రాయిని అదే రాయితో తూచుటవంటిది.

నమ్మదగిన ప్రమాణం ఆకాశంలో ఉన్నది. సీజియం-133 పరమాణువుయొక్క ఒక వికిరణంలో 9,192,631,770 ఆవర్తనాలకు పట్టే కాలమే సెకను అని 1967లో నిర్వచించిరి. జి.పి.ఎస్. ఉపగ్రహాలలో పరమాణు గడియారాలు కలవు. వాటి కాలాన్ని అనుసరించి 8 మెగాహెర్ట్జ్ సంకేతం ఇచ్చునట్లు కొన్ని జి.పి.ఎస్. మాడ్యూళ్లను కంప్యూటరు సహాయంతో అమర్చవచ్చును. 10 మెగాహెర్ట్జ్ ఎందుకు కాదు? ఆరు అంకెలలో 10.0000 అని చూపినప్పుడు చివరి అంకె విలువ 100 హెర్ట్జ్, 8.00000 అన్నప్పుడు 10 హెర్ట్జ్ మాత్రమే. కనుక 8 వద్ద చిన్న దోషం కూడ బయటపడును.

మాడ్యూలు ఆంటెన్నాను మేడమీద, ఆకాశం బాగుగా కనబడే చోట ఉంచవలెను. ఆసిలోస్కోపును అరగంట ముందుగా నడపవలెను. తరువాత కౌంటరు 8.00016 మెగాహెర్ట్జ్ చూపినదనుకొందాము. 160 హెర్ట్జ్ అధికం. అనగా 10 లక్షలకు 20 వంతులు. స్ఫటికం మందమని తెలిసినది. ఇక వేరొక సంకేతానికి 4.00008 వచ్చినచో, అందులో 10 లక్షలకు 20 వంతులు తీసివేయగా 4.00000 మెగాహెర్ట్జ్ అని తేలును. పరికరాన్ని విప్పనవసరం లేదు. ఈ సవరణను, తేదీని, గది ఉష్ణోగ్రతను ఒక చీటీపై వ్రాసి పరికరానికి అంటించిన చాలును.

ఆ చీటీ శాశ్వతం కాదు. ఉష్ణోగ్రత మారినా, ఏండ్లు గడచినా స్ఫటికపు వేగం కొద్దిగా మారును. జనవరి ఉదయాన ఒకసారి, మే నెల మధ్యాహ్నాన మరొకసారి గుంటూరు, ఒంగోలు పాఠశాలల విద్యార్థులు ఇదే పరీక్ష చేసి రెండు చీటీలను పోల్చవచ్చును. తేడా కనబడినచో దానికి కారణమేమో వారినే చెప్పమనవలెను.