కంపచెట్ల లెక్క మన పిల్లలు రాస్తే

దారిలో అడ్డంగా ఉన్న ముల్లును తీసివేయడం సదఖా అని ప్రవక్త (స) బోధించారు. పశుపక్ష్యాదులకు, మనుషులకు ఉపయోగపడే మొక్కను నాటడం కూడా సదఖాయే. ఈ రెండు మాటలూ మనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. అయితే మేలు కోసం నాటిన మొక్కే కాలక్రమంలో దారికి ముల్లుగా మారితే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన కడప జిల్లాతో దగ్గరి సంబంధం ఉంది.

మనం కంపచెట్టు, సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టు ఈ నేలది కాదు. ఉర్దూలో దీన్ని విలాయతీ బబూల్ అంటారు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో అటవీ అధికారులు దీన్ని కమలాపురంలో నాటించారు. వానలు లేని చోట కూడా పచ్చగా ఉంటుందని, వంటచెరకుకు పనికొస్తుందని వారి ఆలోచన. ఆ రెండూ నిజమే అయ్యాయి. కానీ మేకలు, పశువులు దాని తియ్యని కాయలు తిని, పేడతో పాటు గింజలను ఊరూరా చల్లాయి. పైపైన నరికితే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి. అందుకే ఏటా కూలీలను పెట్టి కొట్టించినా చెరువు గట్లు, కాలువలు, ఖబ్రస్తాన్‌లు మళ్ళీ కంపతో నిండిపోతున్నాయి. ఖననానికి దారి చేసుకోవడానికి ముందు కంప కొట్టించాల్సి రావడం మనలో చాలామంది చూసిందే.

ఇటువంటి వలస మొక్కలు ఇంకా ఉన్నాయి. బ్రిటిష్ వారి కాలంలో తోటల అందం కోసం తెచ్చిన లాంటానా దేశమంతటా అడవుల్లోకి చొరబడింది. వయ్యారిభామ అనే కలుపు 1950లలో పూణె ప్రాంతంలో కనిపించి, తర్వాత దేశమంతా పాకింది. దీని వల్ల చర్మవ్యాధులు, ఉబ్బసం వస్తాయి.

వీటిని తొలగించడానికి ముందు, ఏది ఎక్కడ ఎంత ఉందో తెలియాలి. ఈ లెక్కను బడిపిల్లలు రాయగలరు. శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతిలో సామాన్య ప్రజలు సమాచారం సేకరించడాన్ని పౌరవిజ్ఞానం అంటున్నారు. కేరళలో బడిపిల్లలు ‘సీజన్‌వాచ్’ కార్యక్రమం కింద చెట్ల చిగుళ్ళు, పూలు, కాయల వివరాలు క్రమం తప్పకుండా నమోదు చేస్తున్నారు. మన లంకమల అడవుల్లో, అంతరించిందనుకున్న కలివి కోడి 1986లో తిరిగి కనబడిందంటే అందులో స్థానిక గ్రామస్తుల సహాయం ఉంది. ఆ పక్షి పొదల మధ్య ఖాళీ నేలలో తిరుగుతుంది. అలాంటి ఖాళీలు కంపతో పూడుకుపోతే దానికి చోటు ఉండదు.

సర్వే పద్ధతి కష్టమైనది కాదు. నలభై మీటర్ల తాడు, నాలుగు మేకులతో పది మీటర్ల చదరం వేయాలి. అందులో సర్కారు తుమ్మ పెద్ద చెట్లు ఎన్ని, మొలకలు ఎన్ని, నరికాక చిగిర్చిన మొదళ్ళు ఎన్ని అని విడివిడిగా లెక్కించాలి. వేప, రేగు, బలుసు, తంగేడు వంటి మన మొక్కలను కూడా రాయాలి. ఆకు, పువ్వు, కాయ ఫొటోలు తీయాలి. నల్లతుమ్మను చూసి సర్కారు తుమ్మ అని పొరబడకూడదు. నల్లతుమ్మ పూలు పసుపురంగు గుండ్రని బంతులు, కాయ పూసల దండలా ఉంటుంది. సర్కారు తుమ్మ పూలు వేలెడు పొడవు కంకులు.

పిల్లల లెక్కను నమ్మవచ్చా అని పెద్దలు అడుగుతారు. ఒకే చదరాన్ని రెండు జట్లు విడివిడిగా లెక్కిస్తాయి. తేడా వస్తే మూడోసారి లెక్కిస్తారు. ఫొటోలను భారత జీవవైవిధ్య పోర్టల్‌లో పెడితే తెలిసినవారు పేరు సరిచూస్తారు. “ఇక్కడ ఒక్కటీ లేదు” అని రాయడం కూడా ముఖ్యమే. కంప ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో అప్పుడే తెలుస్తుంది. ఆ సరిహద్దులో మొలకలను వేరుతో సహా పీకడం తేలిక, ఖర్చు తక్కువ. ఏటా వానల తర్వాత అవే చదరాలను మళ్ళీ చూస్తే మన పని ఫలించిందో లేదో తేలుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఖబ్రస్తాన్‌లో పెద్దల అనుమతి తీసుకోవాలి, సమాధుల మీద మేకులు దిగగొట్టకూడదు. అటవీశాఖ అనుమతి లేనిదే రక్షిత అడవిలోకి వెళ్ళకూడదు. వయ్యారిభామను పిల్లలు తాకకూడదు. చెట్లు కొట్టడం పిల్లల పని కాదు.

మరొక విషయం మరచిపోకూడదు. ఎన్నో పేద ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఈ కంపతోనే. బొగ్గు కాల్చి బతికే కుటుంబాలూ ఉన్నాయి. అందుకే ఏ చోటి కట్టెను ఎవరు వాడుకుంటున్నారో కూడా పిల్లలు అడిగి రాయాలి. ఆ పటం ముందుంచుకుని పెద్దలు కూర్చుంటే, ఖబ్రస్తాన్‌లో, కాలువలో ముందుగా తీయించి, పేదల కట్టెల చోటును ప్రస్తుతానికి వదిలే నిర్ణయం న్యాయంగా చేయవచ్చు. గ్రామ జీవవైవిధ్య రిజిస్టరుకు కూడా ఈ వివరాలు అందించవచ్చు. 2002 నాటి చట్టం ప్రకారం ఆ రిజిస్టరు ప్రతి స్థానిక సంస్థలో ఉండాలి.

దాతలను కోరేది పెద్ద మొత్తమేమీ కాదు. తాళ్ళు, నోటుపుస్తకాలు, చేతి తొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె, ఒక ఫోను చాలు. అన్నింటికన్నా ముందు గట్టి బూట్లు కావాలి. ఈ ముల్లు చెప్పును గుచ్చుకుని పాదంలో దిగుతుంది, మన బడుల్లో చాలామంది పిల్లలు రబ్బరు చెప్పులతోనే వస్తారు. కంప కొట్టించడానికి ఇచ్చే చందాలో కొంత భాగం ఇలా లెక్కకు కేటాయిస్తే మిగతా డబ్బు సరైన చోట ఖర్చవుతుంది. తమ ఊరి నేల గురించి తాము రాసిన లెక్కను పెద్దలు చదివి నిర్ణయం తీసుకున్నారని తెలిసిన పిల్లవాడికి చదువు విలువ వేరే చెప్పనక్కరలేదు. దారిలోని ముల్లును తీసే ఈ పనిలో మన పిల్లలకు, వారికి తోడ్పడే దాతలకు అల్లాహ్ ప్రతిఫలం ప్రసాదించుగాక. ఆమీన్.