బెయిలొచ్చింది, కేసు పోలేదు

సిద్దిపేట కోర్టు ఆవరణలో జమానత్ ఉండడానికి వచ్చిన మనిషిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. చంకలో పాలిథిన్ కవరు. అందులో పట్టాదార్ పాస్‌బుక్, ఆధార్ జిరాక్స్, ఇంటి పన్ను రసీదు. పక్కనున్న బామ్మర్దిని పదేపదే అడిగేది ఒకటే: "వీడు పేషీకి రాకుంటే నా ఎకరం పోతదారా?"

అక్కడి నుంచే మొదలుపెడదాం. నన్నడిగితే, బెయిల్ వచ్చాక కూడా పేదవాణ్ని లోపలే ఉంచేది ఈ భయమే.

అపోహ: జమానత్ ఉంటే భూమి రాసిచ్చినట్టే.

వాస్తవం: రాసిచ్చేది భూమిని కాదు, మాటను. నిందితుడు వాయిదాలకు రాకపోతే ఇంత సొమ్ము కడతానని బాండు మీద సంతకం పెడతారు, అంతే. ఆ సొమ్ముకు తూగగలరా లేదా అని చూడడానికే పాస్‌బుక్. నిందితుడు పరారైతే కోర్టు బాండును జప్తు చేసి, జమానత్‌దారుకు సంజాయిషీ నోటీసు ఇస్తుంది. కారణం సబబనిపిస్తే కొంత మాఫీ చేయొచ్చు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు: సొమ్ము కట్టక, వసూలూ కాకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు ఉంది. నమ్మకం పోతే నడిమధ్యలో తప్పుకుంటానని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు నిందితుణ్ని పిలిపించి వేరే జమానత్ అడుగుతారు.

జమానత్‌దారు ఆ జిల్లావాడే కావాలన్న మాటా వినపడుతుంది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీకి పదివేల జమానత్ అడిగి, సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టారు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో పట్టుబడ్డ తెలుగువాడు అక్కడ ఆస్తిపరుణ్ని ఎక్కడి నుంచి తెస్తాడన్నదే ఆయన ప్రశ్న.

అపోహ: నాన్‌బెయిలబుల్ కేసంటే బెయిల్ రాదు.

వాస్తవం: ఈ పేరే సగం గందరగోళం తెచ్చింది. బండి ర్యాష్‌గా నడిపిన కేసులాంటి బెయిలబుల్ నేరాల్లో బెయిల్ హక్కు, స్టేషన్లోనే ఇచ్చేయాలి. వారం లోపు జమానత్ తేలేనివాణ్ని పేదవాడిగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలమంటుంది చట్టం. నాన్‌బెయిలబుల్ అంటే కోర్టు విచక్షణ, అంతే. మేజిస్ట్రేటు కాదంటే సెషన్స్ కోర్టు, అదీ కాదంటే హైకోర్టు. జిల్లా ప్రధాన న్యాయస్థానం కోసం ఒకప్పుడు సిద్దిపేటవాళ్లు సంగారెడ్డి బస్సెక్కాల్సి వచ్చేది. 2022 జూన్ 2న సిద్దిపేటే జ్యుడీషియల్ జిల్లా అయింది.

అపోహ: జైల్లో 90 రోజులు దాటితే దానంతటదే బెయిల్.

వాస్తవం: మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. ఆలోగా చార్జిషీటు పడకపోతే హక్కు పుడుతుంది. కానీ అడగాలి. అడిగేలోపు చార్జిషీటు పడిందా, హక్కు జారిపోయినట్టే.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 479 సెక్షన్ ఇంకోటి: గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లోనే గడిపేస్తే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది లేదు. అంతకుముందు నమోదైన కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో చెప్పింది.

అపోహ: బెయిలొస్తే కేసు కొట్టేసినట్టే, రాకపోతే నేరం చేసినట్టే.

వాస్తవం: రెండూ కావు. మన గుడికంటి నర్సింహులు కేసే చూడండి. సెషన్స్ కోర్టు నిర్దోషులంది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దోషులంది, నర్సింహులూ తోటి నిందితులూ 20 నెలలు జైల్లో ఉన్నారు. సుప్రీంకోర్టులో అప్పీలు తేలకముందే 1977 డిసెంబరులో కృష్ణయ్యర్ బెయిలిచ్చారు. ఆయన చూసింది, బయట ఉన్నన్నాళ్లూ వాళ్లు ఎలా నడుచుకున్నారన్నది. దేశమంతా బెయిల్ వాదనల్లో ఇప్పటికీ ఈ తెలుగు కేసు పేరు వినిపిస్తుంది.

అపోహ: బెయిల్ ఆర్డరొస్తే ఆ సాయంత్రమే ఇంటికి.

వాస్తవం: జమానత్ కాగితాలు కుదరక ఆర్డరు చేతికొచ్చినా లోపలే ఉన్నవాళ్లుంటారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీనికో గడువు పెట్టింది. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు. వకీలు ఫీజు లేనివాళ్లు ఫోన్ చేయాల్సిన నంబరు 15100. దానికి పాస్‌బుక్ అడగరు.