ట్రాక్టరుకు నాగలి అమరిన కథ

నాగలి దున్నే రైతు చేతిని ఎప్పుడైనా గమనించినారా? ఎడ్లు ముందుకు సాగుతూ ఉంటే ఆ చెయ్యి మేడిమీద ఊరక ఉండదు. నేల మెత్తనైన చోట ఒక విధంగా, గట్టిబడిన చోట మరొక విధంగా పట్టు మార్చుకొంటూ, కర్రు ఒకే లోతున నడిచేటట్టు చూస్తూ ఉంటుంది. ఎడ్లకు భారమెక్కినదన్న సంగతి రైతు కంటికంటె ముందు చేతికే తెలుస్తుంది. ఎడ్లకు మారుగా ఇంజను వచ్చిననాడు ఈ చెయ్యి తొలగిపోయినది. దానికి సాటిరాగల ఏర్పాటు యంత్రానికి అబ్బడానికి నలుబది ఏండ్లకు పైగా పట్టినది. ట్రాక్టర్ల చరిత్రను అశ్వశక్తి లెక్కలతో చెప్పడం వాడుక. నా మట్టుకు నాకు, అసలు చరిత్ర ట్రాక్టరుకూ పనిముట్టుకూ నడుమనున్న కీలులో ఉన్నదనిపిస్తుంది.

మొదట వచ్చినవి ఆవిరి ఇంజన్లు. వాటి బరువుకు పొలం ఓర్వలేదు. అందుచేత ఇంగ్లండులో జాన్ ఫౌలర్ ఇంజనును చేనిగట్టున నిలిపి, ఇనుపతాటితో నాగలిని ఆ చివరనుండి ఈ చివరకు లాగించినాడు. 1858లో రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ ఆయనకు 500 పౌన్ల బహుమతి ఇచ్చినది. 1892లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జాన్ ఫ్రోలిక్ పెట్రోలు ఇంజనుతో ముందుకూ వెనుకకూ నడిచే బండిని తయారుచేసినాడు. అక్కడినుండి పాతికేండ్లపాటు ట్రాక్టరంటే ఇనుప ఎద్దే. వెనుక ఒక కొక్కెం, ఆ కొక్కేనికి తన చక్రాలమీద తాను నడిచే నాగలి. లాగడమొక్కటే ట్రాక్టరు పని. వెనుక నాగలి ఏమి చేస్తున్నదో దానికి తెలియదు.

ఇందులోని అపాయం 1917 తరువాత బయటపడినది. ఆ సంవత్సరం హెన్రీ ఫోర్డు ‘ఫోర్డ్‌సన్’ అనే చిన్న ట్రాక్టరును విడుదల చేసినాడు. 1922 నాటికి దాని వెల 395 డాలర్లకు దిగినది. సామాన్య రైతుకు కూడా అందుబాటులోనికి వచ్చినది. అయితే దున్నుతూ ఉండగా కర్రు ఏ బండరాతికో, చెట్టువేరుకో తగులుకొంటే వెనుకచక్రాలు ఆగిపోయేవి. చక్రాన్ని తిప్పలేని ఇంజను అప్పుడు తన్ను తానే తిప్పుకొంటుంది. ముందుచక్రాలు గాలిలోనికి లేచి, ట్రాక్టరు వెనుకకు బోర్లపడేది. సీటుమీది మనిషి దాని కిందనే. ఈ విధంగా ప్రాణాలు కోల్పోయినవారు అనేకులు. వెల తగ్గించిన మేధావికి ఈ సంగతి ముందుగా తోచకపోవడం ఆశ్చర్యమే.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఐర్లండులోని డౌన్ కౌంటీలో 1884లో ఒక రైతు ఇంట పుట్టిన హారీ ఫెర్గూసన్. మొదట ఆయనకు నేలకంటె ఆకాశంమీదనే మక్కువ. 1909 డిసెంబరు 31న, తాను నిర్మించుకొన్న విమానంలో ఎగిరి, ఐర్లండులో విమానమెక్కిన మొదటివాడైనాడు. 1917లో, యుద్ధకాలపు ఆహారపు కొరతవల్ల, ట్రాక్టర్ల పనితీరును మెరుగుపరచవలసినదిగా ఐరిష్ వ్యవసాయశాఖ ఆయనను కోరినది. తన సహచరుడు విలియం శాండ్స్‌తో కలిసి ఆయన పొలాలు తిరిగి చూసినాడు. తప్పు ట్రాక్టరులోనూ లేదు, నాగలిలోనూ లేదు, ఆ రెంటినీ కలిపిన తీరులో ఉన్నదని గ్రహించినాడు. ఆ గ్రహింపు పేటెంటుగా రూపొందేసరికి 1926 వచ్చినది.

ఆ ఏర్పాటు ఇట్టిది. నాగలికి వేరే చక్రాలు లేవు. దానిని ట్రాక్టరు వెనుక మూడుచోట్ల తగిలిస్తారు: కింద లాగే చేతులు రెండు, పైన ఒకటి. దున్నేటప్పుడు మట్టి అడ్డగించడంవల్ల నాగలి అడుగుభాగం వెనుకకు పోజూస్తుంది, పైభాగం ముందుకు తూలుతుంది. ఆ తూలుడు పైచేతిగుండా ట్రాక్టరును ముందుకూ కిందికీ నొక్కుతుంది. పూర్వం ముందుచక్రాలను పైకి లేపిన బలమే ఇప్పుడు వాటిని నేలకు అదిమిపట్టుతున్నదన్నమాట. ఇక పైచేతి మొదట ఒక స్ప్రింగు ఉన్నది. నేల గట్టిబడి భారం హెచ్చితే అది నొక్కుకొంటుంది. ఆ చిన్న కదలిక నూనె పంపుకు సంబంధించిన వాల్వును తెరుస్తుంది. నూనె ఒత్తిడి నాగలిని రవ్వంత పైకెత్తుతుంది. భారం తగ్గగానే స్ప్రింగు సడలి, వాల్వు మూసుకొంటుంది. మేడిమీది చెయ్యి చేసిన పని ఇదే కదా!

అంతటితో ఆగలేదు. నాగలి బరువూ, దానిమీద పొర్లే మట్టి బరువూ వెనుకచక్రాలమీదికి వచ్చి వాటికి పట్టునిస్తవి. కనుక ట్రాక్టరు బరువుగా ఉండవలసిన అవసరం తప్పినది. పొలం అణగారిపోవడమూ తగ్గినది. కర్రు బండకు తగిలితే స్ప్రింగు పూర్తిగా నొక్కుకొని నూనె ఒత్తిడి వదిలిపోతుంది, చక్రాలమీది బరువు తొలగుతుంది, చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతవి. మనిషి సురక్షితం.

1936లో హడర్స్‌ఫీల్డులోని డేవిడ్ బ్రౌన్ కర్మాగారంలో ఈ పద్ధతిమీద ట్రాక్టర్లు తయారైనవి. ట్రాక్టరు వెల 224 పౌన్లు, దానితో అమరే పనిముట్లు ఒక్కొక్కటి 26 పౌన్లు. మొదట నాలుగే పనిముట్లు: రెండు చాళ్ళ నాగలి, బోదెలు తీసేది ఒకటి, కల్టివేటర్లు రెండు. రైతుకు ఇక్కడనే చిక్కు వచ్చినది. ఇంట ఉన్న పాత నాగలి ఈ ట్రాక్టరుకు అమరదు. దీని నాగలి వేరొక ట్రాక్టరుకు పనికిరాదు. ఒకటి కొన్నవాడు అన్నీ కొనవలెను. ఫెర్గూసన్ దీనిని తన పద్ధతికి ప్రాణమన్నాడు. కొనేవాని కంటికి అది కట్టుబాటుగా కనిపించడంలో వింత లేదు. మూడేండ్లలో అమ్ముడైనవి 1,350 మాత్రమే.

1938 అక్టోబరులో ఫెర్గూసన్ తన ట్రాక్టరును ఓడమీద అమెరికాకు తీసుకొనిపోయి, హెన్రీ ఫోర్డు ఇంటివద్ద దున్ని చూపించినాడు. ఇద్దరూ చేతులు కలుపుకొన్నారు. కోట్ల డాలర్ల వ్యాపారం; ఒప్పందపత్రం మాత్రం లేదు. 1939లో వెలువడిన ‘9ఎన్’ ట్రాక్టరూ, దానినుండి వచ్చిన ‘2ఎన్’ ట్రాక్టరూ కలిసి మూడు లక్షలకు పైగా తయారైనవి. వృద్ధుడైన ఫోర్డు తప్పుకొని మనుమడు పగ్గాలు పట్టిన తరువాత, 1947లో ఫోర్డు సంస్థ ఫెర్గూసన్‌ను విడిచి, అదే కూర్పుతో తన సొంత ‘8ఎన్’ ట్రాక్టరును దించినది. ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకు పైగా దావా వేసినాడు. 1952లో రాజీపడి పుచ్చుకొన్నది 92 లక్షల 50 వేల డాలర్లు. మాటమీద నడిచిన వ్యాపారానికి కోర్టులో ఎంత విలువ కట్టినారో చూడండి!

ఈలోగా ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయన ‘టీఈ 20’ ట్రాక్టరు తయారవుతున్నది. బూడిదరంగు, చిన్న ఆకారం. 1946 నుండి 1956 వరకు అయిదు లక్షలకు పైగా బయటికి వచ్చినవి. నాలుగు పనిముట్ల స్థానే విత్తేవి, గడ్డి కోసేవి, బంగాళాదుంపలు తవ్వేవి, కట్టెలు కోసే రంపం, ట్రైలరు, ఇట్లా ఎన్నో చేరినవి. వాటి మరలకు సరిపడేటట్టు ఒక స్పానరు ఇచ్చేవారు. దానిమీద అంగుళాల గుర్తులు చెక్కి ఉండేవి. మర బిగించేదీ అదే, కొలబద్దా అదే. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణధ్రువం చేరినది ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్లమీదనే. దున్నడానికి అక్కడ మంచు తప్ప మరేమీ లేకపోయినా, బండి మాత్రం నిలిచినది. బ్రిటన్, ఐర్లండులలో పాత ట్రాక్టర్లను సేకరించేవారు ఈనాడు కూడా ఈ బూడిదరంగు బండికి దాని ఈడు నాగలినే వెదకి తెచ్చి పోటీలలో దున్నుతారు.

1953లో ఫెర్గూసన్ సంస్థ కెనడాలోని మాసీ హారిస్‌తో కలిసిపోయినది. ఆయన 1960లో కన్నుమూసినాడు. ఆ సంవత్సరమే మద్రాసులో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ఏర్పడినది. ఆ వంశపు ట్రాక్టర్లు తెలుగు పల్లెలకు ఆ దారిన వచ్చినవి. ఒకసారి గ్రామీణ కార్యక్రమం రికార్డింగుకు పోయినప్పుడు, సీటు పక్కనున్న రెండు మీటలలో ఒకటి ఎందుకని ఒక డ్రైవరును అడిగినాను. “అది మేం ముట్టుకోమండి. దుక్కి సంగతి అదే చూసుకుంటదండి” అన్నాడు. లోతును సరిచూసే మీట అదే.

పేటెంట్ల గడువు తీరిన తరువాత ఆ మూడు కీళ్ళ అమరిక ఏ ఒక్కరి సొత్తూ కాకుండా పోయినది. వాటి కొలతలు అంతర్జాతీయ ప్రమాణాలైనవి. ఊరి వెల్డింగు షాపులో తయారైన తొమ్మిది పళ్ళ కల్టివేటరును ఈ రోజు ఎర్ర ట్రాక్టరుకు తగిలిస్తారు, రేపు నీలి ట్రాక్టరుకు తగిలిస్తారు. మూడు పిన్నులు దిగితే దుక్కి మొదలవుతుంది.