షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడే షుగర్ టెస్టు



గుడ్లు తెచ్చేటప్పుడు మనం మొదట అడిగేది పెబ్రిన్ పరీక్ష అయిందా అనే. గ్రైనేజీలో తల్లి సీతాకోకచిలుకను నలిపి మైక్రోస్కోపులో చూస్తారు. పైకి అది బాగానే ఉంటుంది, గుడ్లూ పెడుతుంది. లోపల రోగం ఉంటే మాత్రం గుడ్ల నుంచే వచ్చి పంటంతా పోతుంది. కంటికి కనపడదు కాబట్టే పరీక్ష. మనిషికి షుగర్ కూడా అట్లాంటిదే.

షుగర్ మొదట్లో నొప్పి పెట్టదు. దప్పిక, మాటిమాటికీ ఒంటేలు, నీరసం మన దృష్టికి వచ్చేసరికి ఏండ్లు గడిచిపోయి ఉండొచ్చు. ఆ లోపల కండ్లు, మూత్రపిండాలు, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. మనం సున్నం, బ్లీచింగ్ మీద చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లం. నరాలు మొద్దుబారితే కాలికి ఏమి గుచ్చుకున్నా తెలియదు. మా పక్క ఊళ్లో ఒక రైతుకు మల్బరీ మోడు గుచ్చుకొని పుండయింది. నెల దాటినా మానలేదు. ఆస్పత్రికి పోయినాకే షుగర్ బయటపడింది. రెండు కాలివేళ్లు తీసేసినారు.

ఇది పట్నం రోగమే అనుకోవద్దు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి 11 మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 15 మంది అంచున ఉన్నారు.

*ఎవరు, ఎక్కడ?*
30 ఏండ్లు దాటిన అందరూ చేయించుకోవాల. ఇంట్లో అమ్మకో నాయనకో ఉంటే, నడుము లావుంటే, కాన్పు టైములో షుగర్ వచ్చి ఉంటే ఇంకా ముందే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. తమిళనాడులో బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టులో మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది.

*ఎప్పుడు?*
ఐదో దశలో మనకు నిద్రా ఉండదు, తిండికి వేళా ఉండదు. గూళ్లు మార్కెట్టుకు పోయి, షెడ్డు కడిగి ఆరబెట్టే రోజులు సరైనవి. పరగడుపు టెస్టుకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. నీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు.

*అంకెలు ఎట్ల చూడాల?*
పరగడుపున: 100 లోపు మంచిది. 100 నుంచి 125 అంచు. 126, ఆపైన షుగర్.
గ్లూకోజు తాగిన 2 గంటలకు: 140 లోపు మంచిది. 140 నుంచి 199 అంచు. 200, ఆపైన షుగర్.
హెచ్‌బీఏ1సీ: 5.7 లోపు మంచిది. 5.7 నుంచి 6.4 అంచు. 6.5, ఆపైన షుగర్. ఇది సుమారు మూడు నెలల సరాసరి చెప్తుంది, పరగడుపు అక్కర్లేదు. రక్తం తక్కువున్నవాళ్లకు ఇది తప్పు చూపించొచ్చు, డాక్టరుకు ముందే చెప్పాల.

వేలు గుచ్చి చూసేది జల్లెడ పట్టడం వంటిది. ఎక్కువొస్తే ల్యాబులో రక్తమిచ్చి ఖాయం చేసుకోవాల. బెల్లమో పండో ముట్టిన చేత్తో ఇస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, ముందు చేతులు కడగండి.

*రెండు మాటలు నమ్మొద్దు*
సంగటి తినేవాళ్లకు షుగర్ రాదంటారు. రాగిలోనూ పిండిపదార్థమే ఉంది. ముద్ద పెద్దదైతే షుగరూ పెరుగుతుంది.
మల్బరీ ఆకు కషాయం చాలు, మాత్ర వద్దంటారు. తిన్న పిండి చక్కెరగా మారడాన్ని నెమ్మది చేసే గుణం ఆకులో ఉన్న మాట నిజమే. అది మాత్రకు బదులు కాదు. మందు కొట్టిన తోట ఆకైతే అసలే వద్దు.

అంచున ఉన్నవాళ్లు బరువు తగ్గి, రోజూ నడిస్తే షుగర్ రాకుండా ఆపుకోవచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చు. అందుకే ముందే తెలియడం లాభం. బాగున్నవాళ్లు కూడా ఏడాదికొకసారి చూపించుకోండి. ఈ పంట గూళ్లు అమ్మినాక, కొత్త గుడ్లు తెచ్చేలోపల, ఒక పొద్దున ఇంట్లోవాళ్లందరూ కలిసి పోయి రండి. మగవాళ్లు మాత్రమే కాదు, రాత్రిపూట లేచి ఆకు వేసే ఆడవాళ్లను కూడా పిలుచుకొని పోండి.