రిపీటరు నుంచి ల్యాప్‌టాప్‌కు కేబుల్ – ఎందుకు? ఎలా?

బ్యాంకు గుమస్తాగా రిటైరయ్యాక, విద్యార్థివేతనాల దరఖాస్తులు నింపడంలో మన పిల్లలకు సాయపడుతూ వస్తున్నాను. వారి నుంచి తరచు వినే మాట ఒకటుంది: "తాతగారూ, సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు." నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పంపేటప్పుడో, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలోనో ఇలా జరిగితే ఏడాది చదువుకే ఇబ్బంది. ఇంట్లో వైఫై రిపీటరు ఉన్నవారు ఒక్క కేబుల్‌తో ఈ బాధను చాలావరకు తగ్గించుకోవచ్చు.

మా బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. రౌటరు వీధి గదిలో ఉంటుంది, పిల్లలు చదివేది వెనక గదిలో. మధ్యలో మందపాటి గోడలు. అందుకే చాలామంది రిపీటరు కొంటారు. అది రౌటరు నుంచి సిగ్నల్ అందుకుని, మళ్ళీ గాలిలోకి పంపుతుంది. చవక రకాల్లో ఈ రెండు పనులూ ఒకే రేడియో, ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తుంది. ఒకే గుమస్తా వసూళ్ళూ చెల్లింపులూ చూసే కౌంటరు లాంటిదన్నమాట. వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రిపీటరుకు కలిపితే రెండో పని కేబుల్‌కు వెళ్తుంది, రేడియోకు మొదటి పని ఒక్కటే మిగులుతుంది.

అయితే ఒక సంగతి గమనించాలి. ల్యాప్‌టాప్‌లో కనిపించే గీతలు రిపీటరు ఎంత దగ్గరలో ఉందో చెబుతాయే గాని, రిపీటరుకు రౌటరు నుంచి ఎంత అందుతోందో చెప్పవు. నూతిలో నీరుంటేనే చేదలోకి వస్తుంది. కాబట్టి రిపీటరును చదువుకునే బల్ల పక్కన కాక, రౌటరు సిగ్నల్ బాగా అందే నడిమి గదిలో పెట్టండి. అక్కడి నుంచి వెనక గదికి కేబుల్ లాగండి. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది గనుక, ఇంట్లో 10, 15 మీటర్లు లెక్కలోకి రావు.

కొనే ముందు రిపీటరుకు కేబుల్ పెట్టే రంధ్రం, అంటే లాన్ పోర్టు, ఉందో లేదో చూసుకోండి. కొన్నింటికి ఉండదు. క్యాట్ 5ఇ లేదా క్యాట్ 6 కేబుల్, రెండు కొనలకూ ఆర్‌జె-45 పిన్ను ఉన్నది అడగండి. పలుచని ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు ఉండకపోతే యూఎస్‌బీ అడాప్టరు కావాలి.

కలిపే విధానం:

1. ముందుగా రిపీటరును రౌటరుతో వైఫై ద్వారా జత చేయండి. ఇది కాకుండా కేబుల్ పెట్టి లాభం లేదు.

2. రిపీటరు 'రేంజ్ ఎక్స్‌టెండర్' పద్ధతిలో ఉండాలి. 'యాక్సెస్ పాయింట్' అనేది రౌటరు నుంచి కేబుల్ వచ్చేటప్పుడు వాడేది.

3. కేబుల్‌ను 'టిక్' మనే వరకు రెండు వైపులా నొక్కండి.

4. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. అప్పుడు ఏ దారిన నెట్ వస్తోందో సందేహం ఉండదు.

5. విండోస్ వారు కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్' కొట్టి చూడండి. ఐపీ చిరునామా 169.254 తో మొదలైతే ల్యాప్‌టాప్‌కు రౌటరు నుంచి చిరునామా రాలేదని అర్థం. రిపీటరును ఒకసారి ఆపి, మళ్ళీ వేసి, మొదటి అంశం సరిచూసుకోండి.

చిరునామా వచ్చినా వేగం లేకపోతే, లెక్క తేలనప్పుడు పద్దులు ఒక్కొక్కటిగా సరిచూసినట్టు చూడాలి. ల్యాప్‌టాప్‌ను వీధి గదికి తీసుకెళ్ళి అదే కేబుల్‌ను నేరుగా రౌటరుకే పెట్టండి. అక్కడ వేగం బాగుంటే రిపీటరును రౌటరుకు ఇంకాస్త దగ్గరగా జరపండి. అక్కడా నెమ్మదిగానే ఉంటే లోపం బయటి లైనులో ఉండవచ్చు, కంపెనీకి ఫిర్యాదు చేయండి. తల్లిదండ్రులకు నా మనవి ఇదే: ఈ పరీక్ష చేయకుండా ఎక్కువ ధర ప్లానుకు మారకండి. లోపం ఇంట్లోనే ఉంటే ఆ డబ్బు దండగ.

రౌటరు నుంచే వెనక గదికి కేబుల్ లాగే వీలుంటే రిపీటరు అవసరమే లేదు, అన్నిటికన్నా అదే మేలు.

కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది గాని రౌటరుకు, రిపీటరుకు ఉండదు. పరీక్ష ఉన్న రోజు రెండింటినీ ఇన్వర్టరు మీద పెట్టుకోండి. ఏర్పాట్లన్నీ ఒక రోజు ముందే సరిచూసుకోండి. దరఖాస్తులైతే గడువు చివరి రోజు దాకా ఆగకండి.